క్రొత్తగా పనిలో చేరినవానికి జబ్బు చేసినచో
(మన సంఘపు సభలో ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను అంగడిలో కూర్చుండి బియ్యము, పప్పులు అమ్ముకొనువాడను. నా చదువు మెట్రిక్యులేషనుతో నిలిచినది. భీమా శాసనములను గూర్చి పలుకుటకు ఇతనికేమి యర్హత యని మీరడుగవచ్చును. ఆ యర్హత నాకొక తప్పిదము వలన కలిగినది. దానిని ముందుగనే చెప్పివేసెదను.

కొన్ని యేండ్ల క్రిందట మడకశిర ప్రాంతపు కుఱ్ఱవానినొకనిని గోదాములో పనికి పెట్టుకొంటిని. "మూడు నెలలు చూతము, నిలిచినచో ఇ.ఎస్.ఐ.లో పేరు వ్రాయింతము" అనుకొంటిని. మన వర్తకులలో ఇట్లనుకొననివారు తక్కువ. రెండవ నెలలో మూట జారి వాని మోకాలిపై బడినది. ఆసుపత్రి ఖర్చు నేనే భరించితిని. అది నా ఔదార్యము కాదు, నా ఋణము. కాని వాని తల్లి యూరినుండి వచ్చి, "సామీ, మావోని పేరు యాడా రాయలేదంట గదా?" అని యడిగినపుడు నేను తలయెత్తలేకపోతిని.

ఆ మూడు నెలల గడువు ఏ శాసనములోను లేదు. అది మనము కల్పించుకొన్నది.

ఉద్యోగుల రాజ్యభీమా శాసనము 1948లో నేర్పడినది. దానికి మూలము అదార్కరుగారు 1944లో సమర్పించిన నివేదిక. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో ఆ పథకము ప్రారంభమయ్యెను. 2025 నవంబరు 21న ఆ శాసనము సామాజిక భద్రతా కోడ్‌లో చేరిపోయినది. నేను చెప్పబోవు లెక్క పాత నియమములలో నేర్పడినది గనుక, క్రొత్త నియమములు వచ్చినపుడెల్ల సరిచూచుకొనుడు.

నెలకు 21,000 రూపాయలకు మించని జీతగాడు ఇందులో చేరును. జీతము 15,000 అయినచో వానినుండి 113 రూపాయలు, యజమానినుండి 488 రూపాయలు పోవును. వైద్యము వానికిని, వాని కుటుంబమునకును చేరిన దినమునుండియే కలదు. పనిలో దెబ్బ తగిలినచో నిరీక్షణయే లేదు. పనిచేయలేని కాలమంతయు వేతనములో నూటికి 90 వంతులు ముట్టును. మా కుఱ్ఱవానికి నేను పోగొట్టినది ఇదియే.

నిరీక్షణ యున్నది జబ్బుకాలపు భత్యమునకు. మొదటిసారి చేరినవానికి ఆ హక్కు తొమ్మిది నెలలు నిండిన పిమ్మట మొదలగును. జూన్ 10న చేరినవానికి మరుసటి మార్చి 10న ననుకొనుడు. అప్పటికి అతడు పూర్తి చందాకాలములో 78 దినములకు చందా కట్టియుండవలెను. నడుమ చేరినవానికి అందుబాటులోనున్న పనిదినములలో సగము చాలును. భత్యము నూటికి 70 వంతులు. మొదటి రెండు దినములకు మాత్రము రాదు.

ఇక నసలైన చిక్కు. 2008 మే 24న విమానాశ్రయము తెరువబడిన నాటినుండి హిందూపురము, పెనుగొండ, బాగేపల్లి ప్రాంతముల తెలుగువారెందరో ఇచ్చట కాపలా పనికిని, శుభ్రము చేయు పనికిని, సరకులు మోయు పనికిని వచ్చుచున్నారు. వీరి యజమాని కంట్రాక్టరు. కంట్రాక్టరు మారును, పని మారదు, మనిషి మారడు. క్రొత్తవాని గుమాస్తా పాత భీమా సంఖ్య యడుగక, మొదటిసారి చేరినవానివలె క్రొత్త సంఖ్య వ్రాయించును. అంతటితో పాత చందాలు వేరొకని పేరివైనట్లగును; తొమ్మిది నెలలు మరల మొదటినుండి! ప్రసవ భత్యమునకు గడచిన రెండు చందాకాలములలో 70 దినముల చందా కావలెను. నిండు గర్భిణికి ఈ పొరపాటు వలన 26 వారముల వేతనము పోవచ్చును. ఆంగ్లములోనో కన్నడములోనో ఉన్న కాగితముపై చదువక సంతకము చేయుట మనవారి యలవాటు. చదివి చెప్పుమని ప్రక్కనున్న కన్నడ సోదరునడిగిన ఎవరు కాదందురు?

భీమా సంఖ్య యొక మనిషికి జన్మకొక్కటియే. రేషను కార్డువలె దాచుకొనుడు.

జీతము 21,000 దాటిన మన పిల్లలకు కంపెనీలు ప్రైవేటు భీమా ఇచ్చును. అది ఏ తేదీనుండి యమలగునో నియామక పత్రముతో పాటు వ్రాయించుకొనవలెను. స్వంతముగా కొన్న పాలసీలో సాధారణముగా మొదటి 30 దినములు ప్రమాదమునకు తప్ప దేనికిని చెల్లింపుండదు. ముందునుండి యున్న వ్యాధులకు గడువు 36 నెలలకు మించరాదని 2024లో నిర్ణయమైనది. క్రొత్తది చేతికి రాక మునుపే పాతదానిని వదలివేయు తొందర వలదు.

తోడి వర్తకులకొక మాట. నెలకు 488 రూపాయలు మిగుల్చుకొనుటకు నేనును లెక్కలు వేసినవాడనే. ఇప్పుడు మా యంగడిలో మనిషి చేరిన దినముననే పేరు వ్రాయింతుము. వచ్చే ఆదివారము ఉదయము సంఘపు గదిలో నేనుందును. పాత సంఖ్య పోగొట్టుకొన్నవారు తమ పాత జీతపు చీటీలను, ఆధార్ కార్డును తీసికొని రండు; రెండు సంఖ్యలున్నవారు రెండింటిని తెండు.