తనది కానిదాన్ని దానం చేయగలమా?

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు వర్షించుగాక!

ప్రియ సోదరులారా! గత రమజాను మాసంలో మన మస్జిదు వాట్సాప్ గ్రూపులోకి ఒక తెలుగు ధార్మిక గ్రంథం పీడీఎఫ్ రూపంలో వచ్చింది. మనమందరం "జజాకల్లాహ్" అన్నాము, పుణ్యకార్యమని తలచి పదిమందికి పంపాము. మిమ్మల్ని హెచ్చరించవలసిన మేము కూడా పంపాము. కొన్నాళ్లకు ఆ గ్రంథ అనువాదకులు మాకు ఫోన్ చేశారు. "మౌలానా, రెండేళ్లు శ్రమించి రాశాను, అప్పు చేసి అచ్చు వేయించాను. మెచ్చుకునేవారు ఎందరో ఉన్నారు. పుస్తకాల కట్టలు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి" అన్నారు. మా వద్ద సమాధానం లేకపోయింది.

సోదరులారా! మస్జిదు గుమ్మం వద్ద చెప్పులు పోతే దాన్ని దొంగతనమంటాము. పుస్తకానికి నకలు తీస్తే అసలు ప్రతి యజమాని వద్దనే ఉన్నది కదా, పోయిందేమిటని అడుగుతాము. పుస్తకం పోలేదు, నిజమే. పోయింది కష్టించినవాని కూలి. చెమట ఆరకముందే కూలివానికి కూలి చెల్లించమని బోధించిన ప్రవక్త (స) అనుచరులం మనం. ఒకరి సొమ్మును మరొకరు అధర్మంగా తినరాదనీ, పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారమే సమ్మతమనీ దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 29వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు.

ఈ విషయంలో ఉలమాల మధ్య చర్చ జరిగింది. విద్య అమ్మకపు సరుకు కాదనీ, పుస్తకం కొన్నవానికి దాన్ని నకలు తీసుకునే హక్కు ఉన్నదనీ పూర్వపు పెద్దలు కొందరు భావించారు. చేతితో నెలల తరబడి రాసుకునే కాలంలో ఆ నకలు వల్ల ఎవరి జీవనమూ దెబ్బతినలేదు. నేడు ఒక్క వేలి తాకిడితో వేల ప్రతులు వెళుతున్నాయి. అందుకే 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, రచన హక్కు, ఆవిష్కరణ హక్కు, వ్యాపార చిహ్నం షరీఅత్ రక్షించే హక్కులేననీ, వాటిని అతిక్రమించరాదనీ తీర్మానించింది. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం కూడా రచయిత జీవితకాలానికీ, ఆపై 60 సంవత్సరాలకూ ఆ హక్కును కాపాడుతున్నది.

అయితే విద్యకు తాళం వేయాలని మేము చెప్పడం లేదు. అవసరమైన జ్ఞానాన్ని దాచిపెట్టడం కూడా పాపమే. సొంత అధ్యయనానికీ, పరిశోధనకూ, విమర్శకూ తగు మేరకు వాడుకునే వీలు మన చట్టమే ఇచ్చింది. అంధులు చదువుకొనే రూపంలో పుస్తకాలను సిద్ధం చేయడానికి తోడ్పడే 2013 నాటి మరాకష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే. ఖుర్ఆన్ మూలం ఎవరి సొత్తూ కాదు. దాని అనువాదం వెనుక మాత్రం ఒక మనిషి నిద్రలేని రాత్రులు ఉన్నాయి. ఆయన తన రచనను అందరికీ ఉచితంగా ఇస్తే అది సదఖా జారియా. ఆ దానం చేయవలసింది ఆయనే, మనం కాదు. తనది కానిదాన్ని పంచిపెట్టేవానికి పుణ్యమెక్కడిది?

నమాజులతో, ఉపవాసాలతో తీర్పుదినాన హాజరై, ఇతరుల సొమ్ము తిన్నందుకు ఆ పుణ్యాలన్నీ వారికి సమర్పించుకునే వాడే అసలైన దివాలాకోరు అని ప్రవక్త (స) హెచ్చరించారు. తోటి దాసుల హక్కు కేవలం తౌబాతో తీరదు, హక్కుదారునికి చెల్లించాలి, లేదా అతడు మన్నించాలి.

కనుక మేము ఆ పీడీఎఫ్‌ను గ్రూపు నుండి తొలగించాము, అనువాదకులను క్షమాపణ కోరాము. ఆయన పుస్తకాలు నేడు వరండాలో ఉన్నాయి, స్తోమత ఉన్నవారు కొనండి. లేనివారి కోసం మస్జిదు గ్రంథాలయంలో ప్రతులు ఉంచుతున్నాము, తీసుకెళ్లి చదివి తిరిగి ఇవ్వండి. మన కార్యాలయపు కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు సొమ్ము చెల్లించి తెచ్చినదేనా అని కమిటీ పెద్దలు కూడా పరిశీలించాలి. ఇళ్లకు వెళ్లాక ప్రతి ఒక్కరూ తమ ఫోనును తెరిచి, ఇందులో ఎవరి కూలి బాకీ ఉన్నదని తమను తాము ప్రశ్నించుకోవాలి.

ఓ అల్లాహ్! మా సంపాదనను, మా విద్యను ధర్మసమ్మతం చేయి. ఇతరుల హక్కులు మెడపై మోస్తూ నీ సన్నిధికి వచ్చే దుస్థితి నుండి మమ్మల్ని కాపాడు. ఆమీన్.