బొగ్గు కింద ఏమున్నది?



మనం బతుకుతున్న ఈ జర్మనీ ఉత్తరాన దశాబ్దాలుగా సహజవాయువు తీస్తున్నరు. అది లోతున ఉన్న బొగ్గు పొరల్లో పుట్టి, పైనున్న ఇసుకరాయిలోకి చేరింది. ఆ పైన ఉప్పు పొర మూతలెక్క ఆపింది. పక్కన నెదర్లాండ్స్‌లో 1959లో దొరికిన గ్రోనింగెన్ గ్యాస్ కథా ఇదే.

మన ప్రాణహిత-గోదావరి బేసిన్ చూడండి. ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా బొగ్గున్నది. సింగరేణి బొగ్గు 1889 నుంచి తవ్వుతున్నరు. బొగ్గు పైన ఇసుకరాయి ఉన్నది. అడుగున వంద కోట్ల ఏళ్ళు దాటిన పాఖాల రాళ్ళున్నయి. అంత పాత రాళ్ళలో తూర్పు సైబీరియాలో చమురు దొరికింది.

అయితే ఇంజనీరుగా ఒక మాట. మన దగ్గర ఆ ఉప్పు మూత లేదు. పుట్టిన వాయువు నిలిచిందా, ఎగిరిపోయిందా అన్నది లోతైన బావులే చెప్పాలె. కృష్ణా-గోదావరి తీరంతో పోలిస్తే ఇక్కడ వేసిన బావులు చాలా తక్కువ.

సముద్రంల దొరికితే రాయల్టీ కేంద్రానికి పోతది, నేల మీద దొరికితే రాష్ట్రానికి వస్తది. కాబట్టి "చమురున్నది" అని ఊరించొద్దు. "వెతకండి, లెక్క చూపండి" అని అడుగుదాం. బొగ్గు కోసం ఊళ్ళు ఖాళీ చేసినోళ్ళకు ఆ లెక్క తెలవాలె.