ఒకే ఒక్క లెన్స్ కొనాలంటే: క్రాప్ సెన్సర్ కెమెరాకు ఏ ఫోకల్ లెంగ్త్?

ఒక మాదిరి ధరలో డిజిటల్ కెమెరా కొన్నవారికి దానితో పాటు తరచుగా 18-55 మి.మీ. జూమ్ లెన్స్ వస్తుంది. ఏడాది తిరిగేసరికి చిన్న అసంతృప్తి మొదలవుతుంది. రాత్రిపూట ఇంట్లో తీసిన ఫోటోల్లో పిల్లలు అలికినట్టు పడుతున్నారు. వెనక గోడమీది క్యాలెండరు మాత్రం మనిషి ముఖంతో సమానంగా స్పష్టంగా కనబడుతోంది. అప్పుడు ఎవరో ఒకరు ‘ప్రైమ్ లెన్స్ కొనుక్కో’ అంటారు. జూమ్ చేయడానికి వీల్లేకుండా ఒకే ఫోకల్ లెంగ్త్ గల లెన్సును ప్రైమ్ అంటాం. సలహా మంచిదే. కాని ఆ నోటితోనే ‘యాభై కొను’ అని కూడా అంటారు. ఈ ప్రసంగం ఆ రెండో సలహా గురించి. మనలో చాలామంది కొనగలిగేది ఒక్క లెన్సే కాబట్టి, డబ్బు పోసి కొన్నది బీరువా పాలు కాకుండా చూసుకోవాలి.

యాభై అనే అంకెకు పేరు ఊరికే రాలేదు. 1925లో లైకా కెమెరా అమ్మకానికి వచ్చినప్పుడు దానికి బిగించి ఉన్నది 50 మి.మీ. లెన్సే. 1947-48లో మన దేశంలో పర్యటించి, గాంధీజీ అంత్యక్రియలను ఫోటోలు తీసిన హెన్రీ కార్టియర్-బ్రెసన్ తన జీవితంలో అన్నిటికన్నా ఎక్కువగా వాడినది కూడా యాభయ్యే. అయితే ఆయన కెమెరాలోని ఫిల్ము గడి 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు ఉండేది. మీ కెమెరాలోని సెన్సర్ అంతకన్నా చిన్నది. నైకాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ కెమెరాల్లో సుమారు 23.5 × 15.6 మి.మీ., కేనన్‌లో ఇంకాస్త చిన్నదిగా 22.3 × 14.9 మి.మీ. ఉంటుంది. లెన్స్ లోపల వేసే బింబం మారదు. దాని మధ్యభాగాన్ని మాత్రమే సెన్సర్ అందుకుంటుంది. అంచులు పోతాయి. అందుకే మీ కెమెరా మీద యాభై, ఫిల్ము కెమెరా మీద 75 మి.మీ. లెన్స్ చూసినంత మేరే చూస్తుంది. కేనన్ అయితే 80. ఆ ఫోటోగ్రాఫర్ చూసినంత మేర మీరు చూడాలంటే కావలసింది 33 మి.మీ.కు దగ్గరలో ఉన్న లెన్స్. బజారులో దొరికేది 35.

ఇక్కడొక అపోహ ఉంది. క్రాప్ కెమెరాకే ప్రత్యేకంగా తయారుచేసిన లెన్సుకు ఈ గుణకారం అవసరం లేదని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. ఫోకల్ లెంగ్త్ అంటే మనం భౌతికశాస్త్రంలో నాభ్యంతరం అని చదువుకున్నదే. అది లెన్స్ గుణం. ఎవరి కోసం తయారుచేసినా 35 అంటే 35 మిల్లీమీటర్లే.

ఈ లెక్కలు కళ్ళతో చూడాలంటే ఒక అట్టముక్క చాలు. దాని మధ్యలో 23.5 సెం.మీ. పొడవు, 15.6 సెం.మీ. వెడల్పు గల కిటికీ కత్తిరించండి. కేనన్ వారు 22.3, 14.9 కొలతలు తీసుకోండి. ఇది మీ సెన్సరుకు పదిరెట్లు పెద్ద నమూనా. ఒక కన్ను మూసుకుని, అట్టను కంటికి 35 సెం.మీ. దూరంలో పట్టుకుని చూడండి. 35 మి.మీ. లెన్స్ చూపేది ఆ మేరే. అట్టను 50 సెం.మీ.కు జరిపితే అది యాభై. 24 సెం.మీ.కు దగ్గరగా తెస్తే ఇరవై నాలుగు. 85 కావాలంటే మీ చెయ్యి చాలదు, ఇంట్లో ఎవరినైనా పట్టుకోమనాలి! ఈ అట్టతో వంటగదిలో, వరండాలో, డాబా మీద ఒకసారి తిరిగి రండి. దుకాణంలో అరగంట అడిగినా తెలియని సంగతి పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

మీకు తెలిసివచ్చేది ఇది. ఫోకల్ లెంగ్త్ ఎంచుకోవడమంటే మీరు ఎక్కడ నిలబడాలో ఎంచుకోవడం. కెమెరాను నిలువుగా పట్టుకుని, తల మీద, కాళ్ళ కింద కాస్త జాగా ఉంచి నిలువెత్తు మనిషిని తీయాలనుకోండి. యాభైతో దాదాపు పద్నాలుగు అడుగుల దూరం కావాలి. 35తో పది అడుగులు, 24తో ఏడు అడుగులు. 85తో ఇరవై నాలుగు. మన ఇళ్ళలో గది అంటే పదీ పన్నెండూ. అందులో మంచం, బీరువా పోగా మిగిలేదెంత? యాభై పెట్టుకున్నవాడు గోడకు వీపు ఆనించి, ఆ తరువాత గుమ్మం దాటి, చివరికి వసారాలోంచి పుట్టినరోజు ఫోటో తీస్తాడు. పెళ్ళిపందిరిలో అయితే వెనక్కి జరగడానికి చోటు దొరికినా లాభం లేదు. ఖాళీ అయిన ఆ నాలుగడుగుల్లోకి బంధువులు వచ్చి నిలబడతారు. ఐదారుగురు వరుసగా కూర్చున్న బృందాన్ని మూడు మీటర్ల వెడల్పున తీయాలంటే 35కే పదిహేను అడుగులు కావాలి. అంటే గదిలో గుంపు ఫోటోలే మీ ముఖ్యమైన పని అయితే 24 తప్ప గతి లేదు.

అలాగని ఎప్పుడూ దగ్గరగా నిలబడే లెన్సే మేలని కాదు. ముఖాల విషయంలో ఇది తిరగబడుతుంది. తల, భుజాల వరకు ఫ్రేము నింపాలంటే 24తో రెండడుగుల్లోకి వెళ్ళాలి. అంత దగ్గర నుంచి చూస్తే ముక్కు ముందుకు వస్తుంది, చెవులు వెనక్కి పోతాయి. ఇది లెన్స్ దోషం కాదు, దూరం చేసే పని. అక్కడ మీ కన్ను పెట్టి చూసినా అదే ఆకారం. 35తో మూడడుగులు, ఫరవాలేదు, పూర్తిగా సుఖం కాదు. యాభైతో నాలుగడుగుల పైచిలుకు. ముఖం తీరుగా వస్తుంది, ఎదుటి మనిషికి ఊపిరాడే దూరమూ ఉంటుంది. 85తో ఏడడుగులు. చిత్రకళ దృష్టితో అది ఇంకా మంచిదే గాని, ఆ లెన్సుకు వేదిక మీది నృత్యమో, మైదానమో ఉండాలి.

ఇక వెలుతురు సంగతి. ఎఫ్/1.8 ద్వారం ఉన్న ప్రైమ్, 55 చివర ఎఫ్/5.6 దగ్గర ఆగిపోయే జూమ్ కన్నా దాదాపు పదిరెట్లు వెలుతురు లోనికి రానిస్తుంది. పదోవంతు సెకనులో అలికినట్టు పడిన పిల్లవాడు నూరోవంతు సెకనులో దాదాపుగా నిలిచి కనిపిస్తాడు. అయితే యాభైని పూర్తిగా తెరిచి దగ్గర నుంచి తీస్తే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసకగా రావచ్చు. మొదట్లో అందరికీ ఇది ముచ్చటే. ఇద్దరు మనుషులుంటే ఎఫ్/2.8కో, ఎఫ్/4కో తగ్గించుకోవడం మంచిది.

ఇంతకూ మీకు ఏది? కంప్యూటరులో మీ పాత ఫోటోల వివరాలు తెరవండి. ప్రతి ఫైలులోనూ ఫోకల్ లెంగ్త్ నమోదై ఉంటుంది. మీకు నచ్చిన నలభై యాభై ఫోటోలు మాత్రమే లెక్కపెట్టండి. అన్నీ లెక్కిస్తే 18 దగ్గరా 55 దగ్గరా గుట్టలు పడతాయి. అవి మీ అభిరుచిని కాదు, జూమ్ రింగు ఆగిపోయే చోట్లను చూపిస్తాయి. తరువాత ఒక ఆదివారం రింగును 35 దగ్గర టేపుతో అంటించి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీయండి. మరో ఆదివారం 50 దగ్గర. ఏ రోజు టేపు పీకేయాలనిపించిందో, ఎటువైపు తిప్పడానికి పీకాలనిపించిందో కాగితం మీద రాసుకోండి. నన్ను ఒక్క మాట చెప్పమంటే, ఇల్లూ వీధీ మనుషులూ అన్నీ కలిపి తీసేవారికి 35 అంటాను. డాబా, పెరడు ఉండి, ఒక్కొక్క మనిషిని తీయడమే ఇష్టమైనవారు యాభై కొనుక్కోండి. సాధారణంగా అది చవక కూడా. కేనన్ వారు 35 కన్నా ముందు 24ను ఒకసారి చూడండి.

కొనేముందు ఒక పరీక్ష చేసుకోండి. 2006లో వచ్చిన డీ40 మొదలుకొని నైకాన్ చిన్న ఎస్సెల్లార్‌లలో చాలావాటికి లోపల ఫోకస్ మోటారు లేదు. మోటారు లేని పాత 50 మి.మీ. ఎఫ్/1.8డి వాటికి బిగుస్తుంది గాని ఫోకస్ చేతితోనే తిప్పుకోవాలి. ఎస్సెల్లార్ లెన్సులు మిర్రర్‌లెస్‌కు అడాప్టర్ లేనిదే బిగవవు. సెకండ్‌హ్యాండ్ కొంటుంటే మీ కెమెరా వెంట తీసుకువెళ్ళి, అక్కడే బిగించి, ఆరడుగుల దూరంలో ఉన్న అక్షరాల మీద పది ఫోటోలు తీసి, తెరమీద పెద్దవి చేసి చూసుకున్న తరువాతే డబ్బు ఇవ్వండి.