తపాలా చదరంగం నుంచి కంప్యూటర్ దాకా



హాన్స్ బెర్లినర్ 1929లో బెర్లిన్‌లో పుట్టారు. నాజీల పాలనలో బతకలేక ఆయన యూదు కుటుంబం 1937లో అమెరికా చేరింది. ఆయన పేరు నిలిపింది తపాలా చదరంగం. ఒక్కో ఎత్తూ కార్డు మీద రాసి పంపాలి, జవాబు కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. 1965లో మొదలైన ప్రపంచ పోటీ మూడేళ్ళు సాగింది. 16 ఆటల్లో 12 గెలిచి, 4 డ్రా చేసుకుని, ఒక్కటీ ఓడకుండా ఆయన విజేత అయ్యారు. అంతటి ఓపిక నాకు అపురూపంగా తోస్తుంది.

తర్వాత నలభై దాటిన వయసులో మళ్ళీ చదువుకి కూర్చున్నారు! 1974లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. 1979లో ఆయన రాసిన ప్రోగ్రాం బ్యాక్‌గామన్ అనే పాచికల ఆటలో ప్రపంచ విజేతనే ఓడించింది. పాచికలు కలిసొచ్చాయని ఆయనే ఒప్పుకున్నారు. శాస్త్రవేత్తకు ఉండాల్సిన నిజాయితీ అది.

అదే విశ్వవిద్యాలయంలో 1969 నుంచీ మన తెలుగువారు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి పనిచేశారు. యంత్రాలకు మాటను గుర్తించడం నేర్పే పరిశోధనలో ఆయన ముందు నడిచారు, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. 1997లో ప్రపంచ చదరంగ విజేత కాస్పరోవ్‌ను ఓడించిన కంప్యూటర్ డీప్ బ్లూ మూలాలూ అక్కడి విద్యార్థుల పనిలోనే ఉన్నాయి.

అందుకే అమ్మలారా, అయ్యలారా, పిల్లలు చదరంగం బల్ల ముందు కూర్చుంటే చదువు పాడవుతుందని లేపేయకండి. ఆ ఆట ముగిసేదాకా ఆగండి.