శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయినికి ఎందరు పిల్లలు?

(పూర్వ ప్రాథమిక విద్యా సిబ్బంది ప్రతినిధుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కోర్కెల పత్రం ముసాయిదాకు శాఖల నుండి వచ్చిన సవరణలలో అధికభాగం ఒకే వాక్యాన్ని చేర్చవలసిందిగా కోరుతున్నాయి: ‘ఇతర దేశాలలో వలె ఇరవై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయిని ఉండవలెను.’ కోర్కె న్యాయమైనదే. అయితే ‘ఇతర దేశాలలో వలె’ అని వ్రాసేముందు ఆ దేశాలలో లెక్క ఏ విధంగా కడుతున్నారో తెలుసుకొనుట అవసరమని మేము భావిస్తున్నాము. చర్చల బల్లకు ఆవలివైపు కూర్చునే అధికారులు ఈ అంకెలను మనకంటె ముందే చదివి వస్తారు.

యునెస్కో గణాంకాలలో రెండు వేర్వేరు నిష్పత్తులున్నవి. ఒకటి, మొత్తం బోధకులకు ఎందరు పిల్లలన్నది. రెండవది, శిక్షణ పొందిన బోధకులకు ఎందరన్నది. ఒక ఊరిలో నూరు మంది పిల్లలు, ఐదుగురు బోధకులు ఉన్నారనుకొందాం. మొదటి లెక్కన ఒకరికి ఇరవై మంది. వారిలో ఇద్దరికే శిక్షణ ఉంటే రెండవ లెక్కన ఒకరికి ఏబది మంది. పాలకులు మొదటి అంకెను చాటుకొంటారు. తల్లిదండ్రులు అడగవలసినది రెండవది.

ఆ రెండవ లెక్కలోనూ ఒక మెలిక ఉన్నది. ‘శిక్షణ పొందిన’ అంటే ఆయా దేశం ఆ స్థాయి బోధనకు తానే నిర్ణయించుకొన్న కనీస శిక్షణ పొందినవారని అర్థం. ఫ్రాన్సులో మూడేండ్ల పిల్లలకు చెప్పే ఉపాధ్యాయినికి ఎం.ఏ.తో సమానమైన పట్టా కావలెను. మరొక దేశంలో కొద్ది వారాల తరగతులు చాలును. పట్టికలో ఇద్దరూ ఒకే గడిలో కనిపిస్తారు. కనీస ప్రమాణాన్ని దించిన ప్రభుత్వానికి ఒక్క ఉపాధ్యాయినినైనా క్రొత్తగా నియమించకుండానే నిష్పత్తి మెరుగుపడుతుంది.

ఇంగ్లండు నిబంధన మరొక రీతిది. మూడేండ్లు నిండిన పిల్లలకు అర్హతగల ఉపాధ్యాయుడు పనిచేస్తుంటే పదముగ్గురికి ఒకరు. లేనిచోట ఎనమండుగురికి ఒకరు. అర్హతను గౌరవించినట్లే కనిపించినా, పట్టా ఉన్నదన్న పేరిట మనుషులను తగ్గించే వీలు కూడా ఇందులోనే ఉన్నది. రెండేండ్ల పిల్లలకు నలుగురికి ఒకరుండే ప్రమాణాన్ని 2023 సెప్టెంబరు నుండి ఐదుగురికి సడలించినారు. ఫిన్లండులో మూడేండ్లు దాటిన పిల్లలు ఏడుగురికి ఒకరు. 2016లో దీనిని ఎనిమిదికి పెంచి, 2020లో మరల ఏడుకు తెచ్చినారు. అయితే ఆ ‘ఒకరు’ ఉపాధ్యాయుడే కానక్కరలేదు, శిశు సంరక్షకురాలైనా కావచ్చును. ఇక జపాను శిశు సంరక్షణాలయాలలో నాలుగు, ఐదేండ్ల పిల్లలు ముప్పది మందికి ఒకరన్న ప్రమాణాన్ని 1948లో పెట్టినారు. దానిని ఇరవై ఐదుకు దించుటకు 2024 ఏప్రిల్ రావలసి వచ్చినది. ధనిక దేశమైనంత మాత్రాన తరగతి గది దానంతట అది చిన్నదవుతుందన్న భ్రమ మనకు వద్దు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం నేడు సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలకు విస్తరించినది. ఈ కేంద్రాలకు ప్రమాణం పిల్లల సంఖ్య కాదు, ఊరి జనాభా: నాలుగు వందల నుండి ఎనిమిది వందల మందికి ఒకటి. 2013 నాటి జాతీయ విధానం మూడు నుండి ఆరేండ్ల పిల్లలు ఇరవై మందికి ఒకరన్నది. విద్యాహక్కు చట్టంలో ప్రాథమిక పాఠశాలకు నిష్పత్తి శాసనబద్ధం. ఆరేండ్లలోపు పిల్లల విషయంలో మాత్రం ప్రభుత్వం ఏర్పాట్లు ‘చేయవచ్చును’ అని వ్రాసి వదలినారు.

తెలుగు పల్లెలలో పిల్లల తల్లులు ఆమెను టీచరమ్మ అనే పిలుస్తారు. ప్రభుత్వ కాగితాలలో ఆమె గౌరవవేతనం పొందే కార్యకర్త. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, తల్లులకు బోధ, ఆసుపత్రికి పంపుట – ఇవన్నీ చూస్తూ పిల్లలకు చదువు చెప్పవలెను. 2021 నుండి ఫోనులో పోషణ్ ట్రాకర్ నింపుట కూడా చేరినది. ఉదయం కొలతలు, ఫొటోలు, హాజరు నమోదుతో గడిచిపోయిన పూట ఆమె ఎందరు పిల్లలకు ఉపాధ్యాయిని? ఏ పట్టికలోనూ ఈ ప్రశ్నకు గడి లేదు.

శిక్షణ సంగతి మరింత జాగ్రత్తగా చూడవలసియున్నది. 2020 జాతీయ విద్యా విధానం ఇంటర్మీడియెట్ చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా అని చెప్పినది. 2023లో మొదలైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కింద జరుగుతున్నది మూడు రోజుల శిక్షణ. మూడు రోజులలో కొంత నేర్చుకోవచ్చును, కాదనము. కాని ఆ మూడు రోజులు చూపి ‘మా సిబ్బంది అందరూ శిక్షితులే’ అని లెక్క వ్రాసే రోజు రాకుండా ఇప్పుడే అడ్డుపడవలెను. ఆ అంకె ఒకసారి అచ్చుపడితే రెండవ ఉపాధ్యాయిని కావాలన్న మన వాదానికి ఆధారం పోతుంది.

శిక్షితురాలని వ్రాసినంత సులభంగా శిక్షితురాలి జీతం వ్రాయరు. కేంద్రం 2018 అక్టోబరు నుండి అమలయ్యేలా నిర్ణయించిన గౌరవవేతనం నెలకు 4,500 రూపాయలు. పైది ఆయా రాష్ట్రాల దయ. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, 1972 చట్టం ప్రకారం వీరు గ్రాట్యుటీకి అర్హులని తీర్పు చెప్పినది. అయినను 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో 42 రోజుల సమ్మెకు దిగిన అక్కచెల్లెండ్ర కోర్కెలలో గ్రాట్యుటీ ఒకటి. ఆ సమ్మెపై అత్యవసర సేవల చట్టాన్ని ప్రయోగించినారు. జీతానికి గౌరవ కార్యకర్త, సమ్మెకు అత్యవసర ఉద్యోగి!

కనుక సవరణను ఈ విధంగా మార్చవలసిందిగా మేము ప్రతిపాదిస్తున్నాము. ‘ఇతర దేశాలలో వలె’ అన్న మాట తీసివేయాలి. 1966లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో కలిసి ఆమోదించిన ఉపాధ్యాయుల హోదా సిఫారసు నర్సరీ, కిండర్‌గార్టెన్ బోధకులకు కూడా వర్తిస్తుందని ఉదహరించాలి. శిక్షణ అంటే ఆరు నెలలకు తగ్గనిది, పని దినాలుగా లెక్కించి వేతనమిచ్చేది అని నిర్వచనం వ్రాయాలి. నిష్పత్తిని బోధన గంటలలో గదిలో ఉన్నవారిని బట్టే కట్టాలి. ఆయాను ఉపాధ్యాయినిగా చూపి లెక్క సరిచేయరాదు. ఆమెకు ఆమె పని, ఆమె వేతనం వేరుగా ఉండవలెను.

దీనికి అంకెలు మన వద్దనే పుట్టాలి. సభ ముగియగానే ప్రతి శాఖకు ఒక ఫారం అందుతుంది. నమోదైన పిల్లలు, ఆ వారం నిజంగా వచ్చిన పిల్లలు, టీచరు ఇంతవరకు పొందిన శిక్షణ దినాలు, రోజులో బోధనకు మిగిలిన నిమిషాలు – ఈ నాలుగు గడులు నింపి నెలాఖరులోగా కేంద్ర కార్యాలయానికి పంపండి. ఉజ్జాయింపు లెక్కలు వద్దు. ఖాళీగా ఉన్న గడిని ఖాళీగానే పంపండి.