ఇంటి చదువు - న్యాయవాది సన్నదు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా మన యూరికి చదువు పంచిన ఈ గ్రంథాలయమును కొనియాడుటకు నాకంటె సమర్థులు ఈ వేదికపై కలరు. నేను మాత్రము మన యువజనులకు పనికివచ్చు విషయ మొక్కటి విన్నవించెదను.

కొంతకాలము క్రిందట ఒక యువకుడు నాయొద్దకు వచ్చెను. ఇంటినుండియే ఆన్‌లైనులో ఎల్.ఎల్.బి. చదివింతుమని ప్రకటించిన యొక సంస్థకు, తల్లి చెవికమ్మలు కుదువబెట్టి రుసుము చెల్లించినాడు. పగలు పని చేసికొని, రాత్రులు శ్రద్ధగా పాఠములు విన్నాడు. పట్టము చేతికి వచ్చినది. న్యాయవాదిగా నమోదు కాబోగా అది చెల్లదని తెలిసినది. అతని తెలివిలో లోపము లేదు. కష్టములో లోపము లేదు. ముందుగా అడుగవలసిన ప్రశ్న అడుగలేదు, అంతియే.

ఇంటనుండి చదివిన న్యాయశాస్త్ర పట్టముతో కోర్టులో వాదింపవచ్చునా? ఇదియే ఆ ప్రశ్న. మన దేశములో వీలులేదు. 1961 నాటి న్యాయవాదుల చట్టము ప్రకారము బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన పట్టము ఉన్నవారికే సన్నదు లభించును. ఆ కౌన్సిలు 2008లో చేసిన నియమముల ననుసరించి విద్యార్థి కళాశాలకు పోయి చదువవలెను. నూటికి 70 వంతుల హాజరు ఉండవలెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2020లో చేసిన నిబంధనలలోను, దూరవిద్యగా గాని ఆన్‌లైనులో గాని బోధింపరాని చదువులలో న్యాయశాస్త్రము చేరియున్నది. సన్నదు లేక కోర్టులో వృత్తి చేసినచో ఆరు మాసముల వరకు కారాగార శిక్ష కలదు.

ఈ భ్రమ కలుగుటకు కారణములు లేకపోలేదు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు న్యాయ కళాశాలలు సైతము ఫోనులలో పాఠములు చెప్పినవి. అది కళాశాలలో చేరినవారికి ఆపత్కాలమున జరిగిన ఏర్పాటు మాత్రమే. ఇతర దేశముల సంగతియు మనము వినుచున్నాము. లండను విశ్వవిద్యాలయము 1858 నుండి దూరమున ఉన్నవారికిని పరీక్షలు పెట్టుచున్నది. నెల్సన్ మండేలా చెరసాలలో నుండియే చదివి, 1989లో దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పట్టము పొందెను. అది మహత్తర విషయమే. కాని అచ్చటి చట్టము వేరు, ఇచ్చటి చట్టము వేరు.

ఇంటి చదువు తక్కువదని నా అభిప్రాయము కాదు. మన శ్రీకాకుళ సీమలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, ఇంటివద్ద చదివియే పట్టభద్రులైరి. అయినను న్యాయవాది వృత్తి ఒకరి పొలమును, ఒకరి స్వేచ్ఛను చేతబట్టుకొని చేయు పని. దావా వ్రాయుట, సాక్షిని ప్రశ్నించుట, న్యాయమూర్తియెదుట నిలిచి మాటాడుట ఒకరు చూచుచుండగా నేర్వవలసినవి. కావున నియమము అర్థము లేనిది కాదు. కాని దాని బరువు అందరిపై సమానముగా పడుటలేదు. ఉద్దానము నుండి వలసపోయి దినకూలితో బ్రతుకు యువకునకు, బిడ్డను చంకనెత్తుకొన్న తల్లికి కళాశాల మెట్లు చాల ఎత్తు. తరగతులు ఉదయము 8 మొదలు రాత్రి 7 గంటల లోపలనే జరుగవలెనను నియమము వలన రాత్రి కళాశాల ఆశయు లేదు. ఈ మాట పెద్దల చెవిని వేయుట మన విధి.

అంతవరకు మార్గమేమి? తొలి డిగ్రీని దూరవిద్యలో చదువవచ్చును. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోనే ఇట్టి బోధన ఆరంభించినది. అయితే ఇంటర్మీడియట్ దాటక నేరుగా సార్వత్రిక డిగ్రీలో చేరినవారు న్యాయ కళాశాలకు అర్హులు కారు. అట్టివారు ముందుగా ఇంటర్మీడియట్, పిదప డిగ్రీ క్రమముగా ముగింపవలెను. అటుపిమ్మట లాసెట్ వ్రాసి విజయనగరములోనో విశాఖపట్టణములోనో మూడేండ్లు చదువవచ్చును. పట్టము పొంది నమోదు కావలెను, అఖిల భారత బార్ పరీక్షయు గట్టెక్కవలెను.

వృత్తి కొరకు కాక జ్ఞానము కొరకైనచో ఆన్‌లైను చదువు అమూల్యము. కేంద్ర చట్టములన్నియు ఇండియా కోడ్ అను ప్రభుత్వ జాలస్థలములో ఉచితముగా లభించును. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగులోను వచ్చుచున్నవి. న్యాయ సేవాధికార సంస్థలు శిక్షణ నిచ్చి నియమించు పారా లీగల్ వాలంటీరుకు న్యాయశాస్త్ర పట్టము అక్కరలేదు. చట్టము తెలిసిన అట్టి వారొకరున్నను, ఊరివారికి ఏ కాగితము ఏ కార్యాలయమున ఇయ్యవలెనో చెప్పగలరు. ఉచిత న్యాయ సహాయమునకు దారి చూపగలరు.

కార్యవర్గమువారికి నా మనవి రెండు మాటలు. ఈ గ్రంథాలయములో తెలుగు రాజ్యాంగ ప్రతితో ఒక చట్టముల బీరువా ఉంచుడు. దాని తలుపుపై ఈ వాక్యము వ్రాయించుడు: "రుసుము కట్టుటకు ముందు ఆ కళాశాల పేరు బార్ కౌన్సిల్ జాబితాలో ఉన్నదో లేదో చూడుడు, దూరవిద్య ఎల్.ఎల్.బి. యని ఎవరు చెప్పినను నమ్మకుడు." జాబితా చూచుటకు ఖర్చు లేదు, చూడకపోవుటకు ఒక తల్లి చెవికమ్మలు ఖర్చయినవి.