బ్యాలెట్ మీదకి రావాలంటే ఎన్ని సంతకాలు కావాలి?

  ఈ రోజు ఎపిసోడ్ సంతకం గురించి. బ్యాంకు చెక్కు మీద పెట్టేది కాదు, ఎన్నికల బ్యాలెట్ మీదకి ఒక మనిషినో ఒక చట్టాన్నో తీసుకొచ్చే సంతకం.

ముందు ఒక చిన్న సంఘటన చెప్తాను. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు మూడు నెలలు ఆన్‌సైట్‌కి కాలిఫోర్నియా వెళ్ళాను. ఒక ఆదివారం ఇండియన్ స్టోర్‌లో కూరగాయలు కొనుక్కుని బయటికొస్తుంటే ఒకాయన అట్టకి కాగితాలు క్లిప్ పెట్టుకుని ఎదురొచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. అద్దెలు తగ్గడానికి ఒక సంతకం పెట్టండి, ఒక్క నిమిషం పని, అన్నాడు. అద్దెలు తగ్గితే ఎవరికి చేదు? పెన్ను తీసుకున్నాను. వెనక నుంచి మా రూమ్మేట్ "ఒరేయ్ ఆగు, నీకిక్కడ ఓటు లేదురా" అని అరిచాడు. పెన్ను తిరిగిచ్చేశాను.

రూమ్‌కెళ్ళాక మావాడు చెప్పింది విని కాసేపు నోట మాట రాలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టేది రిజిస్టరైన ఓటర్లే. అంటే సంతకం పెట్టడమంటే నేను ఓటర్నని చెప్పుకోవడమే. అమెరికాలో ఓటరు కావాలంటే పౌరుడై ఉండాలి. పౌరుడు కాకుండా పౌరుణ్ణని చెప్పుకుంటే వీసాకీ గ్రీన్ కార్డుకీ పెద్ద ఇబ్బంది. అక్కడున్న మన తెలుగువాళ్ళు, ముఖ్యంగా హెచ్‌వన్ మీద ఉన్నవాళ్ళు, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు, అమ్మానాన్నల్ని విజిట్‌కి పిలిపించుకున్నవాళ్ళు, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. సిటిజన్ అయ్యి, ఓటరుగా రిజిస్టర్ అయ్యుంటేనే పెన్ను పట్టుకోండి.

సరే, అసలు ఆ కాగితం ఏంటి? కాలిఫోర్నియాలో అసెంబ్లీతో పని లేకుండా జనమే ఒక చట్టాన్ని ఓటింగ్‌కి పెట్టొచ్చు. దాన్ని ఇనీషియేటివ్ అంటారు. అయితే ఊరికే పెట్టనివ్వరు. అంతకుముందు జరిగిన గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో మామూలు చట్టానికైతే 5 శాతం, రాజ్యాంగ సవరణకైతే 8 శాతం సంతకాలు తేవాలి. 2022 ఎన్నిక లెక్క ప్రకారం చట్టానికి 5,46,651, సవరణకి 8,74,641. గడువు 180 రోజులు. రోజులతో భాగించి చూడండి. చట్టానికే రోజుకి మూడు వేల పైచిలుకు సంతకాలు, ఒక్క రోజు కూడా సెలవు లేకుండా.

ఇన్ని లక్షల సంతకాలు నిజమైనవో కాదో ఎలా చూస్తారు? ఇక్కడ నాలోని ఇంజినీరుకి మహా సరదా వేసింది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తినం కదా, ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం. వాళ్ళదీ అదే పద్ధతి. ప్రతి కౌంటీలోనూ వచ్చిన సంతకాల్లోంచి 3 శాతమో 500లో, ఏది ఎక్కువైతే అన్ని, లాటరీలా తీసి ఓటరు రికార్డులతో పోలుస్తారు. ఆ లెక్కన మొత్తం మంచి సంతకాలు కావలసినదానికి 110 శాతం దాటితే పాస్. 95 శాతం లోపుంటే ఫెయిల్. మధ్యలో ఉంటే మాత్రం ఒక్కొక్కటీ మొత్తం చూడాల్సిందే.

ఇప్పుడు అసలు చిక్కు. 180 రోజుల్లో ఐదారు లక్షల సంతకాలు ఉత్త ఉత్సాహంతో రావు. డబ్బులిచ్చి మనుషుల్ని పెట్టాలి. స్టోర్ బయట నాకు కనిపించినాయన కూడా అలాంటివాడే అయ్యుండొచ్చు. కొలరాడో రాష్ట్రం ఒకప్పుడు డబ్బులిచ్చి సంతకాలు సేకరించడాన్ని నేరం చేసింది. 1988లో అమెరికా సుప్రీంకోర్టు మేయర్ వర్సెస్ గ్రాంట్ కేసులో ఆ చట్టాన్ని కొట్టేసింది. సంతకం కోసం జనంతో మాట్లాడటం రాజకీయ భావప్రకటనే, దాన్ని ఆపడానికి లేదని తీర్పు. తీర్పులో న్యాయం ఉంది. కానీ డబ్బు వచ్చిన చోటికి దొంగ సంతకం కూడా వెనకాలే వస్తుంది.

అది ఎంత దూరం పోతుందో 2022లో మిచిగన్‌లో తేలింది. అక్కడ పార్టీ ప్రైమరీలో గవర్నర్ అభ్యర్థిగా నిలబడాలంటే 15,000 మంచి సంతకాలు తేవాలి. రిపబ్లికన్ పార్టీ నుంచి పది మంది కాగితాలు వేశారు. అందులో ఐదుగురు ఒకే దెబ్బకి ఎగిరిపోయారు. వాళ్ళలో డెట్రాయిట్ మాజీ పోలీస్ చీఫ్ జేమ్స్ క్రెయిగ్ కూడా ఉన్నారు. 36 మంది సేకరణవాళ్ళు కలిసి వేరు వేరు పిటిషన్లలో కనీసం 68,000 చెల్లని సంతకాలు ఇచ్చారని అక్కడి ఎన్నికల బ్యూరో తేల్చింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని కాగితాలు ఒకరికొకరు అందించుకుంటూ, చేతిరాత మారేలా తలా ఒక గీత గీకడం. మన కాలేజీలో ప్రాక్సీ అటెండెన్స్ గుర్తొచ్చిందా? నాకైతే అదే గుర్తొచ్చింది. ఆ అభ్యర్థులు కోర్టుకెళ్ళినా లాభం లేకపోయింది.

దొంగ సంతకాలని తేలక్కర్లేదు, వెంట ఉండాల్సిన కాగితం తేడా వచ్చినా ఇంటికే. 2024లో అర్కన్సాలో అబార్షన్ హక్కు మీద సవరణకి 90,704 సంతకాలు కావాలి. లక్షకి పైనే ఇచ్చారు. కానీ డబ్బులిచ్చి పెట్టుకున్నవాళ్ళకి శిక్షణ ఇచ్చామన్న పత్రం చట్టం చెప్పినట్టు జతచేయలేదని అధికారులు తిప్పికొట్టారు. రాష్ట్ర సుప్రీంకోర్టు నాలుగు, మూడు తేడాతో అధికారులదే రైటంది. ఆ సవరణ మంచిదా కాదా అనేది మీ ఇష్టం. కానీ సంతకం పెట్టిన ఓటర్ల తప్పేముంది చెప్పండి?

ఇక మన దగ్గరికొద్దాం. మన దేశంలో జనం సంతకాలతో చట్టాన్ని ఓటింగ్‌కి పెట్టే పద్ధతి లేదు. అభ్యర్థికి మాత్రం సంతకాలు కావాలి. లోక్‌సభకైనా అసెంబ్లీకైనా గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రపోజర్ చాలు. ఇండిపెండెంట్‌కి, గుర్తింపు లేని పార్టీ అభ్యర్థికి పది మంది కావాలి. ఆ పది మందీ అదే నియోజకవర్గం ఓటర్లు అయ్యుండాలి.

ఈ పది ఎక్కడి నుంచి వచ్చింది? అందులో మన నల్గొండ వాటా ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంకరపోతున్నా పట్టించుకునేవాడు లేడని, జల సాధన సమితి పిలుపు మీద బాధితులే నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమైపోయింది. దేశం మొత్తం తిరిగి చూసింది. అప్పటికి లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు. అదే ఏడాది చట్టం మార్చి డిపాజిట్ 10,000 చేశారు, పది మంది ప్రపోజర్ల రూల్ పెట్టారు. ఇప్పుడు డిపాజిట్ 25,000, ఎస్సీ ఎస్టీలకి అందులో సగం.

మరి ఆ గేటు నిలిచిందా? 2019లో నిజామాబాద్ చూడండి. పసుపుకీ ఎర్రజొన్నకీ గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావాలని 178 మంది రైతులు పోటీకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సొచ్చింది. గెలుస్తామని వాళ్ళు పోటీ చెయ్యలేదు. వినేవాడు లేక బ్యాలెట్‌నే మైకు చేసుకున్నారు.

సంతకం మాట తప్పితే ఏమవుతుందో 2024లో సూరత్ చూపించింది. కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభానీ ప్రపోజర్లు ఆ సంతకాలు మావి కావని అఫిడవిట్ ఇచ్చారు. నామినేషన్ పోయింది. మిగతావాళ్ళు విత్‌డ్రా చేసుకున్నారు. బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవం. లక్షల మంది ఓటర్లకి నోటా నొక్కే అవకాశం కూడా లేకుండా పోయింది.

ఇదంతా ఎందుకు పట్టించుకుంటున్నానంటే, మా ఇంట్లోనూ ఒక కథుంది. నేను బీటెక్ చదివేటప్పుడు మా ఊళ్ళో స్కూలు టీచర్ ఒకాయన రిటైరయ్యాక ఎమ్మెల్యేకి ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేశారు. పది మందిలో మా పెదనాన్న ఒకరు. స్క్రూటినీలో తేలిందేంటంటే, పెదనాన్న కాలవ అవతలున్న కొత్తింటికి మారినప్పుడు ఓటు కూడా అటు మార్పించుకున్నారు. అది పక్క నియోజకవర్గం. పది కాస్తా తొమ్మిదైంది, నామినేషన్ తిరస్కరించారు. మాస్టారు ఒక్క మాట కూడా అనలేదు. పెదనాన్న మాత్రం చాన్నాళ్ళు ఆయన ఇంటి వైపు దారి మార్చుకుని నడిచారు. "నా వల్లే కదరా" అనేవారు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. గేటు ఉండాలి. అసలు లేకపోతే ఓటరుకి పేరు వెతుక్కోవడమే పని. కానీ డబ్బుతో కట్టిన గేటు డబ్బున్నవాడికి తెరుచుకుంటుంది. సంతకాలతో కట్టిన గేటు కనీసం మనిషి దగ్గరికి మనిషి వెళ్ళేలా చేస్తుంది. నన్నడిగితే డిపాజిట్ తగ్గించి, పది సంతకాలని వంద చెయ్యండి. చిన్న తప్పు దొరికితే సరిచేసుకోవడానికి ఒక్క రోజు గడువివ్వండి. మా పెదనాన్న స్థానంలో ఇంకొకరి సంతకం తేవడానికి మాస్టారికి ఒక్క పూట చాలేది. తప్పని మీకనిపిస్తే కామెంట్‌లో చెప్పండి, నేను చదువుతాను.

చివరగా, ఎవరికైనా ప్రపోజర్‌గా సంతకం పెట్టే ముందు మీ ఓటు ఏ నియోజకవర్గంలో ఉందో, పార్ట్ నంబరు, సీరియల్ నంబరు ఎంతో జాబితాలో ఒకసారి చూసుకోండి. ఆ రెండూ నామినేషన్ కాగితంలో రాయాల్సిందే. రెండు నిమిషాల పని.

ఎపిసోడ్ నచ్చితే మీ ఇంట్లో వాళ్ళకీ, అమెరికాలో ఉన్న మీ వాళ్ళకీ పంపించండి. మళ్ళీ కలుద్దాం. నమస్తే.